గడ్డి లేని చోట కాపలా

నేను ఒక రేకు బోర్డును. ‘పచ్చికపై నడవరాదు’ అన్న రెండు మాటలే నా చదువు. విజయనగరంలో ఒక పెయింటరు ఓపిగ్గా దిద్దితే, కాలనీ పార్కువాళ్లు తెచ్చి పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద పాతారు. పచ్చిక ఇంకా వేయలేదు. మనుషులకు ముందు కాపలా కావాలి, కాయాల్సింది తరవాత చూసుకుంటారు.

కాలనీ అధ్యక్షులు సోమయాజులుగారు రిటైరైన హెడ్మాస్టరు. గడ్డి కూడా తన మాట వింటుందని ఆయన నమ్మకం. ఏటా తొలకరికి చాపల్లా చుట్టిన గడ్డి తెప్పించి పరిపించేవారు. దీపావళికల్లా అది పాలిపోయి మట్టి మిగిలేది. మూడేళ్లు ఆ ఉత్త మట్టికే నిష్ఠగా కాపలా కాశాను. జనం నన్ను చదివి, దూరంగా చుట్టు తిరిగి వెళ్లేవారు. అంత మర్యాద దక్కినవాళ్లకు తోడు దక్కదు. నాకున్నదల్లా ఆ చెట్టే. సాయంత్రం ఆకులు ముడుచుకునే ముందు నా నెత్తిన ఏదో ఒకటి రాల్చేది.

మూడోసారి గడ్డి పోయాక హెడ్మాస్టరుగారు తలెత్తి చెట్టును చూశారు.

“దోషి ఇదే. కొట్టించేద్దాం.”

పార్కు ఊడ్చే పైడితల్లి చీపురు ఆపింది. “నీడలో గడ్డి రాదని అప్పుడే సెప్పినాను. తవరు యినుకున్నారేటి? మా ఊర్ల పనసచెట్ల కింద పసుపేస్తాం. వచ్చే వానాకాలం ఒక్కటి నాకొగ్గీండి బాబూ. రాకపోతే కొట్టీండి.”

“పార్కులో పసుపా? రేపు కంది కూడా వేస్తానంటావు.”

“కందికి ఎండ గావాల బాబూ” అందామె, నవ్వకుండా.

తొలకరికి పసుపు కొమ్ములు పాతి, ఇన్నాళ్లూ ఊడ్చి తగలబెట్టే ఆకులనే పైన కప్పింది. ఇరవై రోజులు ఏమీ లేదు. హెడ్మాస్టరుగారు రోజూ వచ్చి నేలను, తరవాత చెట్టును చూసి వెళ్లేవారు. ఆయన చూపు కాండం మీద ఎక్కడ ఆగుతోందో నాకు తెలుసు. ఇరవై ఆరో రోజున ఆకుల కుప్పను చీల్చుకుని సూదుల్లా మొలకలు లేచాయి. వినాయక చవితికి మోకాలెత్తు పచ్చదనం. గొడ్డలి మాట మళ్లీ రాలేదు. “మేమే వేయించాం” అని హెడ్మాస్టరుగారు వచ్చినవారికల్లా చూపించేవారు.

చూసేవారి కాళ్లు బురదలో దిగబడుతున్నాయి. పైడితల్లి నన్ను పీకింది.

“గడ్డే నేదు. దీనికేటి పని?”

దారిలో బోర్లా పరిచింది. మొదట పడ్డది హెడ్మాస్టరుగారి చెప్పు.

ఇప్పుడు నా అక్షరాలు మట్టిలో ఉన్నాయి. చెట్టు కనిపించదు. తొక్కేవారెవరికీ నేనేం చెప్పేదాన్నో తెలియదు. సాయంత్రం అందరూ వెళ్లాక వీపు మీద ఏదో మెత్తగా పడుతుంది. ఆకో, పువ్వో. చెట్టు ఇంకా ఉందన్నమాట.