తమ్ముడు దొరికాడా?

పుస్తకావిష్కరణ సాయంత్రం ఐదింటికి. పొద్దున పదింటికి మాత్రం రచయిత్రి ఎప్పటిలాగే ఆస్పత్రి కిటికీ వెనక కూర్చుని రోగులకు చీటీలు రాస్తోంది. జ్వరంతో వణుకుతున్న పెద్దాయన ఒకాయన చీటీ అందుకుని కూడా అక్కడే నిలబడ్డాడు.

"అమ్మా, ఇంతకీ ఆ కండక్టరమ్మకి తమ్ముడు దొరికాడా?"

అలిగి ఇల్లు వదిలిపోయిన తమ్ముణ్ణి వెతుక్కునే బస్సు కండక్టరు కథే ఆమె కొత్త నవల. పుస్తకాల కట్టలు ఇంకా విప్పనైనా లేదు.

"మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మీవారే! క్రాపుకి కూర్చున్నప్పుడల్లా కాస్త కాస్త చెప్పుకొచ్చాడు. మొన్న కథ వంతెన దగ్గరికి రాగానే ఆపేశాడు."

రెండేళ్లుగా రాసిన ప్రతి అధ్యాయాన్నీ ఆమె ముందు భర్తకే చదివి వినిపించేది. ఆయన భోంచేస్తూ విని ఊరుకునేవాడు. ఊరుకునేవాడని ఆమె అనుకుంది. మర్నాడు తన సెలూన్లో కుర్చీ ఎక్కిన ప్రతి తలకూ పూస గుచ్చినట్టు ఒప్పజెప్పేవాడని ఇప్పుడే తెలిసింది. కడుపులో మాట దాచుకోలేని మనిషిని కట్టుకున్నాక నవల మాత్రం ఎక్కడ దాగుతుంది?

మధ్యాహ్నం విరామంలో సెలూన్‌కి వెళ్లి ఒంటికాలి మీద లేచింది.

"ఊరంతా కథ వినేశాక పుస్తకం ఎవరు చదువుతారండీ? పోయినసారి సభకి ఏడుగురొచ్చారు. అందులో ఒకాయన వానకి తలదాచుకోవడానికొచ్చాడు!"

సగం క్రాపుతో కుర్చీలో ఉన్న లెక్కల మాస్టారు, తప్పు తనదే అన్నట్టు తల దించుకున్నాడు.

"తల కదపకండి మాస్టారూ," అని భర్త ఆమె వైపు తిరిగాడు. "బాగుంది కదా అని చెప్పాను. మా ఆవిడ రాసిందని చెప్పకుండా ఒక్కసారీ మొదలుపెట్టలేదు. ఆఖరి అధ్యాయం అసలు చెప్పనేలేదు."

"ఎలా చెప్తారు? నేను వినిపిస్తే కదా!"

ఆ ఒక్క అధ్యాయం ఆయన అచ్చులోనే చదవాలని ఆమె దాచిపెట్టింది.

సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఖాళీ కుర్చీలు చూడాల్సొస్తుందని ఆమె చాలాసేపు తలెత్తలేదు. ఎత్తేసరికి ఇసుక వేస్తే రాలనంత జనం. సగం తలలు కొత్త క్రాపులే. చెవుల పక్కన ఆ నున్నటి గీత ఎవరి చేతి పనో ఆమెకు తెలుసు. భార్యల్నీ తల్లుల్నీ కూడా వెంటబెట్టుకొచ్చారు. ముఖ్య అతిథి గొంతు సవరించుకోగానే వెనకనుంచి ఎవరో అరిచారు. "తమ్ముడు దొరికాడో లేదో మాత్రం చెప్పేయకండి సార్!"

అతిథిగారు పుస్తకం చదివి రాలేదు కాబట్టి ఆ ప్రమాదమేమీ జరగలేదు.

బల్ల మీది పుస్తకాలన్నీ అయిపోయాయి. సంతకాలు పెట్టీ పెట్టీ వేళ్లు లాగుతున్నా ఆమె కలం దించలేదు. వరసలో అందరికన్నా చివర భర్త నిలబడి ఉన్నాడు, పుస్తకం రెండు చేతులా పట్టుకుని.

"ఏం రాయమంటారు?"

"అందరికీ ఏం రాశావో అదే రాయి. నేనూ పాఠకుణ్ణే."

మర్నాడు పొద్దున ఆస్పత్రికి వెళ్తూ చూస్తే సెలూన్ షట్టరు సగానికి దించి ఉంది. బయట నలుగురు నిలబడ్డారు.

"లోపల ఆఖరి అధ్యాయం చదువుతున్నాడమ్మా," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "మేం ముగ్గురం నిన్ననే చదివేశాం. ఆగుతాం, తొందరేం లేదు."

డ్యూటీకి ఆలస్యమవుతున్నా ఆమె కూడా ఆగింది. కాసేపటికి షట్టరు లేచింది. భర్త కళ్లు ఎర్రగా ఉన్నాయి. జ్వరం వల్ల సభకు రాలేకపోయిన పెద్దాయన మఫ్లరు చుట్టుకుని ముందుకొచ్చాడు.

"బాబూ, తమ్ముడు దొరికాడా?"

రెండేళ్లపాటు ఊరందరికీ కథ చెప్పిన మనిషి భార్య వైపు చూశాడు.

"నేను చెప్పను పెద్దాయనా. ఆవిడ రాసినట్టు నా నోట రాదు." పుస్తకం ఆయన చేతిలో పెట్టి కుర్చీ చూపించాడు. "ఇక్కడే కూర్చుని చదవండి. ఇంటికి మాత్రం ఇవ్వను. అందులో మా రచయిత్రిగారి సంతకం ఉంది."