పంచదార అంటిన వేలు

నేను షుగర్ మిషన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. నెత్తుటి చుక్క అందిస్తే అందులో చక్కెర ఎంతుందో ఒక అంకె వేసి చూపిస్తాను. ఆ అంకె తప్ప ఇంకో మాట నాకు రాదు. అంతకన్నా ఇరుకైన గది లోకంలో ఇంకోటి ఉండదేమో.

ఫ్యాక్టరీలో పుట్టగానే ఏవో తీపి నీళ్లు తాగించి, "బాగానే చెబుతోంది" అని పెట్టెలో సర్దారు. రావులపాలెంలో మందుల షాపు అద్దాల వెనక కొన్నాళ్లు దర్జాగా కూర్చున్నాను. తాతాజీ అనే కుర్రాడు నన్ను కొని ఆత్రేయపురం తెచ్చి, వాళ్లమ్మ వీరవేణి చేతిలో పెట్టాడు. ఆవిడ పూతరేకులు చుట్టి అమ్ముతుంది. నన్ను చూడగానే వీధి వైపు ఓసారి చూసి, ఖాళీ నెయ్యి డబ్బాలో పడేసి మూత బిగించింది.

"షుగరున్న మనిషి పూతరేకులు చుడతందంటే కొనేవోళ్లు నవ్వరట్రా?" అంది.

అప్పట్నుంచీ చీకటి, నెయ్యి వాసన. పని మధ్యలో మాత్రం మూత తెరుచుకునేది. ఆవిడ పనిలో ఉండగా చేతులు కడగదు. తడిచేత్తో ముట్టుకుంటే రేకు అతుక్కుపోతుంది. పొడిగుడ్డకు వేళ్లు తుడుచుకుని, సూది గుచ్చుకుని, నాకు చుక్క అందించేది. చుక్కతోపాటు వేలికంటిన పంచదార పొడి కూడా నా నోట్లో పడేది. రెండూ కలిపి ఒకే అంకెగా చెప్పడం తప్ప నాకు దారి లేదు. మూడొందలు దాటేది. 'తల్లీ, చెయ్యి కడుక్కో' అని అరవాలనిపించేది. నా తెర మీద అక్షరాలకు చోటేదీ?

డాక్టరు రోజుకొక బిళ్ల వేసుకోమన్నాడు. నా అంకె చూసి ఆవిడ ఇంకోటి వేసుకునేది, అన్నం మానేసేది. చెమటలు పట్టి చేతులు వణికితే, అదీ షుగర్ పెరిగినందుకే అనుకునేది. వణికే చేతుల్లో రేకులు చిరిగిపోయేవి.

"ఇంక ఈ పని మానేస్తానమ్మాయ్" అంది ఓ రోజు కోడలితో. ఆ మాటన్నప్పుడు ఆవిడ తన వేళ్లకేసి చూసుకున్న చూపు నాకింకా గుర్తుంది.

కోడలు ప్రసూన ఆ ఇంటికొచ్చి నెలయింది. డిగ్రీ చదివిన పిల్ల. రేకు గాలికి ఊగితే నవ్వుతుంది. కాఫీ మీద నురగ నిలిస్తే మొగుణ్ణి పిలిచి చూపిస్తుంది.

ఆ మధ్యాహ్నం నా అంకె చూసి అత్తగారు రెండో బిళ్ల వేసుకుని, నడుం వాలుస్తానని లోపలికెళ్లింది. నన్ను పీట మీదే మరిచిపోయింది. తాతాజీ చప్పుడు చెయ్యకుండా వచ్చి ఓ పూతరేకు నోట్లో వేసుకున్నాడు.

"దొంగ దొరికాడు! ఏదీ, మీ షుగరెంతో చూద్దాం" అని ప్రసూన అతని వేలు లాక్కుని సూది గుచ్చింది.

నేను మూడొందల పన్నెండు చూపించాను. ఆమె మొహం పాలిపోయింది.

"పోన్లే, రేపట్నుంచి పంచదార లేని కాఫీ ఇయ్యి. నువ్వు కలిపితే చాలు" అన్నాడు తాతాజీ. గొంతులో మాత్రం బెరుకు.

వేలి మీద నెత్తురు ఇంకా ఊరుతోంది. కొత్త పెళ్లికూతురు కదా, చటుక్కున ఆ వేలు నోట్లో పెట్టుకుంది. వెంటనే కళ్లు పెద్దవి చేసింది.

"ఏవండీ, తియ్యగా ఉంది!"

"షుగరొచ్చింది కదా మరి!"

"నెత్తురు కాదండీ బాబూ, వేలు! పంచదార!"

కుళాయి దగ్గరకు లాక్కెళ్లి, సబ్బుతో కడిగి, తుడిచి, ఇంకో వేలు గుచ్చింది. తొంభై ఏడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. పీట పక్కనున్న ఖాళీ బిళ్లల రేకు మీద చూపు పడగానే ప్రసూన నవ్వు ఆగిపోయింది.

లోపల అత్తగారు చెమటతో తడిసిపోయి ఉంది. మాట ముద్దగా వస్తోంది. "ఇంకో బిళ్ల ఇయ్యరా... బాగా పెరిగిపోయింది."

తాతాజీ బిళ్ల అందుకోబోయాడు. ప్రసూన అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అత్తగారి వేలు కడిగి, తుడిచి, నాకు అందించింది.

ఆవిడ గురించి నేను తొలిసారి నిజం చెప్పాను. నలభై ఎనిమిది. ఉండాల్సినదాంట్లో సగం.

"పంచదార!" అని అరిచింది ప్రసూన. ఇంటినిండా అదే. నీళ్లలో కలిపి నెమ్మదిగా తాగించారు, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు తిట్టి, ఆ రాత్రికి అక్కడే ఉంచుకుని పంపాడు.

షుగర్ పోలేదు. బిళ్ల మాత్రం రోజుకొకటే. ఆవిడ చేతుల్లో ఇప్పుడు రేకులు చిరగడం లేదు.

నేనింకా నెయ్యి డబ్బాలోనే ఉన్నాను. కొనేవాళ్ల భయం ఆవిడకి అలాగే ఉంది. అంకె తప్ప ఇంకేదీ పలకలేని నా ఇరుకూ అలాగే ఉంది. కాకపోతే మూత తెరుచుకునే ముందు కుళాయి చప్పుడు వినిపిస్తుంది. అది విన్నాకే నా అంకెను నేను నమ్ముతాను.