నిన్నటి గాలులు

భూషణం గారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఆయన పోయి రెండు నెలలైందని నాకు తెలుసు, ఆయనకీ తెలిసినట్టే ఉంది, అయినా ఆ మాట ఎత్తకుండా ఇద్దరం తెర మీద లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానానికి సముద్రం మీదుగా దారి గీస్తున్నాం. ఇది విదేశీ విమానాలకు దారీ ఇంధనం లెక్కకట్టే హైదరాబాద్‌లోని మా ఆఫీసే, కానీ కిటికీ కింద రోడ్డుండాల్సిన చోట బూడిదరంగు నీళ్లు కదులుతున్నాయి, గోడలు మెల్లగా వంగి విమానం లోపలిలా గుండ్రంగా అవుతున్నాయి.

ఎదురుగాలి చూసి ఇంధనం లెక్కకట్టడం నాకు నేర్పింది ఆయనే. ఒకరోజు మా లెక్కలో మూడు టన్నులు తక్కువ పడింది, విమానం న్యూయార్క్ దాకా పోలేక కెనడా తీరాన ఓ చిన్న ఊళ్లో దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు గాలులకు బదులు నిన్నటి గాలుల ఫైలు ఎక్కించారని విచారణలో తేలింది, ఎక్కించింది ఎవరో తేలలేదు, ఎందుకంటే ఆ షిఫ్టులో ఉన్నది మేమిద్దరమే, ఇద్దరిదీ ఒకే లాగిన్. ఆయనకి చూపు సరిగా ఆనడం లేదని నేను కమిటీకి చెప్పాను. ఆయన ఏమీ చెప్పలేదు. ఆయన్నే ఇంటికి పంపేశారు.

ఇప్పుడెందుకొచ్చారో, నా చేత ఏం ఒప్పించాలని వచ్చారో అని ఆయన చేతుల్నే కనిపెట్టి చూస్తున్నాను, ఆ చేతులు కీబోర్డుని ముట్టుకోవడమే లేదు.

"ఆ ఫైలు ఎక్కించింది మీరే కదా సార్?"

"ఏటమ్మా హైమా, కమిటీకి చెప్పీసిన తర్వాతా నన్నడగడం?"

ఆ సమయానికి తను కళ్లలో వేసుకునే మందు కోసం కిందికి వెళ్లినట్టు, తిరిగొచ్చేసరికి నేను లెక్క పంపేసి టిఫిన్ బాక్సు తెరుస్తున్నట్టు ఆయన నెమ్మదిగా చెబుతున్నారు. పోయినవాళ్లు అబద్ధమాడరని నమ్మకమేమిటి అనుకుంటున్నాను, అనుకుంటూండగానే ఆ రోజు ఆకలి, తొందర, తేదీ చూడకుండా నొక్కిన బటన్ ఒక్కొక్కటే నీళ్లలోంచి పైకి తేలుతున్నాయి.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నాకూ నీ మీద అనుమానమేనమ్మా. ఎక్కించింది నువ్వేనని తెలీక అన్నావో, తెలిసే నా కళ్ల మీదికి నెట్టీసినావో. ఆ ఒక్కటీ అడుగుదామని వచ్చాను."

మా చుట్టూ సీట్ల నిండా ప్రయాణికులు, అందరూ బెల్టులు పెట్టుకుని నా జవాబు కోసమే చూస్తున్నారు.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం మూడు. మా ఆయన మంచం పక్కన నిలబడి నా భుజం కుదుపుతున్నాడు.

"ఏం తెలుసు నీకు? ఇందాకట్నుంచీ నిద్రలో 'తెలుసు సార్, తెలుసు సార్' అంటున్నావు."