కారులో డొల్ల చప్పుడు

గోదావరి మంచిర్యాల ఇళ్లలోకి వచ్చిన వరద ఉంది కదా, అది పోయిన రెండో ఏడు జరిగింది ఇది.

ఎల్లన్న బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయిన మనిషి. మాట తక్కువ. బాయిలో పని మొదలుకాకముందు తలమీది బండను కర్రతో తట్టి చూసే పని అతనిది. గట్టి బండ ఖంగుమంటుంది. పట్టు విడిచిన బండ డొల్లగా పలుకుతుంది. అప్పుడు అందరినీ వెనక్కి పిలవాలి. ఇరవై ఏళ్ల కిందట ఒకనాడు పిలవలేదు. షిఫ్టు అయిపోవచ్చింది, ఇంకో రెండు టబ్బుల బొగ్గు నింపితే చాలు. బండ కూలి తోటి పనివాడు ముత్యం మీద పడింది. విచారణలో అడిగితే ఎల్లన్న "ఖంగుమన్నది సార్" అన్నాడు.

అప్పటినుంచి ఆ డొల్ల చప్పుడు అతన్ని విడవలేదు. తలుపు మూస్తే అదే, గిన్నె దించితే అదే. ముత్యం భార్య సారవ్వకు ఇదేమీ తెలియదు. తన పెనిమిటిని బయటికి మోసుకొచ్చిన మనిషని, ఏటా ముత్యం పోయిన దినాన తొలి విస్తరి ఎల్లన్నకే వేస్తుంది. అతను తల వంచుకొని తింటాడు.

ఆ ఏడు ఒక సాయంత్రం ముత్యం బిడ్డ సంతోషి చిన్న కారు ఒకటి తెచ్చి ఎల్లన్న ఇంటిముందు ఆపింది. సెకండ్ హ్యాండ్‌ది. ఆమెకు మంచిర్యాల పక్కనే జైపూర్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చింది.

"కాకా, చూడు! సేఫ్టీల ఐదు స్టార్లు. ఆరు ఎయిర్‌బ్యాగులు. గుద్దుకున్నా మనిషికి ఏం గాదు."

ఇంజన్ ఆన్‌లోనే ఉంది. పక్క సీటు బెల్టు గంట టింగు టింగుమని మోగుతోంది. ఆ సీట్లో ఎవరూ లేరు.

"ఉత్తగనే మోగుతది కాకా. మా నాయిన వచ్చి కూసుంటుండని అమ్మ అంటది" అని సంతోషి నవ్వింది.

ఎల్లన్న నవ్వలేదు. కారు చుట్టూ తిరిగి వేలి కణుపుతో తట్టాడు. ఎడమ తలుపు పక్క కంబం మొద్దుగా పలికింది. లోపలికి వంగి డాష్‌బోర్డు తట్టాడు. డొల్ల. స్టీరింగు నడుమ తట్టాడు. డొల్ల. అతని చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"ఏందే కాకా, బండను తట్టినట్టు తడుతున్నవ్?"

ఊరుకుంటే పిల్ల పొద్దున దీంట్లోనే పోతుంది. లారీల రోడ్డు.

"బిడ్డా, దీన్ని నడపకు."

"నీదంత చాదస్తం. రేపు ఫస్టు రోజు, నేను పోత."

ఎల్లన్న లోపలికి వంగి ఇంజన్ ఆపి తాళం లాక్కున్నాడు. ఆమె బిత్తరపోయింది. ఈ మనిషి గట్టిగా మాట్లాడటం కూడా ఆమె ఎన్నడూ చూడలేదు.

సందు చివరి మెకానిక్ గులాం అలీని పిలుచుకొచ్చాడు. గులాం అలీ తాళం తిప్పాడు. మీటర్లో అన్ని లైట్లూ వెలిగి ఆరాయి.

"ఎయిర్‌బ్యాగు బొమ్మ వెలగనే లేదు. ఒకసారి వెలిగి ఆరాలె. లైటే పీకిండ్రు దొంగలు" అంటూ స్టీరింగు మూత విప్పాడు. లోపల బ్యాగు లేదు. గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. కంబం మీది రంగు గీకితే సొట్ట కప్పడానికి వేలెడు మందాన పూసిన లప్పం రాలింది. పక్క సీటు కింద తెగిన వైర్లను ఎట్లపడితే అట్ల కలిపారు. ఆ గంట అందుకే మోగుతోంది.

"తౌబా! ఐదు స్టార్లు కంపెనీల నుంచి వచ్చిన బండికి, బేటీ. గుద్దుకొని సచ్చి లేచినదానికి కాదు. ఎల్లన్నా, నీయి చెవులా, మిషన్లా?"

సంతోషి ఆ పేలికల్లో ఒకటి బయటికి లాగి చూసింది. తర్వాత ఎల్లన్న వైపు తిరిగింది.

"కాకా, కారుదే గింత దెలిసింది నీకు. మరి మా నాయిన పోయిన దినం ఆ బండ ఎట్ల పలికింది?"

ఎల్లన్న బండి తాళం తీసి గులాం అలీ చేతిలో పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. రాత్రి అన్నం ముట్టలేదు.

మరునాడు పొద్దున సంతోషి జైపూర్ బస్సు ఎక్కేదాకా దూరంగా నిలబడి చూశాడు. అక్కడినుంచి నేరుగా సారవ్వ ఇంటికి నడిచాడు. చాయ్ పెడతా కూసో అన్నదామె. కూర్చోలేదు.

"బండ డొల్లగనే పలికింది సారవ్వా. నేను చెవులార ఇన్న. జెప్పలే" అన్నాడు.