పెరిగే పలుగురాయి

మా చేనులో నిలబడి ఉన్న పలుగురాయి ఏటేటా పెరుగుతోందని మా నాయన కాటమరాజు నమ్మకం. ఆయన ఒక్కడే నమ్మితే నాకు ఇంత ఒళ్ళు మండేది కాదు. హనుమంతునిపాడు చుట్టుపక్కల సగం మంది నమ్ముతారు. కనిగిరి నుంచి కార్లలో వచ్చి మరీ నమ్మిపోతారు.

దాని పేరు గంగమ్మ రాయి. తొలి వానలకు ముందు, గొర్రెలున్న ఇళ్ళవాళ్ళంతా దాని దగ్గర పొంగళ్ళు పెడతారు. మా నాయన తన గొర్రెల కర్రను రాయి పక్కన నిలబెట్టి, రాయి ఎంతవరకు వచ్చిందో చూసి, కర్ర మీద కొడవలితో గాటు పెడతాడు. ఈ యేటి గాటు పోయినేటి గాటు కంటే పైన పడుతుంది. డప్పులు మోగుతాయి. అప్పుడు మా నాయన ముఖం చూడాలి. ఆ రాయిని ఆయనే కని పెంచినట్టుంటుంది.

నేను డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివాను. మా ఇంట్లో దాన్ని రాళ్ళ చదువు అంటారు. రాళ్ళ చదువు చదివిన కూతురు పొంగళ్ళ నాడు అందరి ముందూ రాయి పెరగదని అంటుంటే ఆయనకు తలకొట్టేసినట్టు ఉండేది. ఇంకోసారి నోరెత్తితే గొర్రెల వెంట పంపుతానని బెదిరించేవాడు.

ఈ యేడు మాత్రం నోరెత్తక తప్పలేదు. మాది ఏటవాలు చేను. నా చిన్నతనంలో అందులో సజ్జలు మనిషెత్తు పెరిగేవి. ఇప్పుడు ఉలవలు కూడా ఏదో మొహమాటానికి మొలుస్తున్నాయి. ఉపాధి పనులు చూసే వాణి మా ఇంటికి వచ్చి, మన్ను కొట్టుకుపోకుండా చేనుకు అడ్డంగా గట్టు వేయిస్తానంది.

"పెద్దనాయనా, నువ్వు సరే అంటే సోమవారం పని మొదలుపెడతాం. లేదంటే ఈ పని పక్కూరికి పోతాది."

"గట్టు ఏస్తే గంగమ్మకు అడ్డం కట్టినట్టు, ఇంక పెరగదు. పక్కూరికే పోనీ" అన్నాడు నాయన.

ఇంకో నాలుగు వానలు గట్టిగా కురిస్తే ఉలవలకు కూడా మొహమాటం పోతుంది. ఆ చేను తప్ప మాకు వేరే చేను లేదు. వాణిని సోమవారం దాకా ఆగమని బతిమాలి, నాయన ముందు కూర్చున్నాను.

"నాయనా, రాయి పెరగడం లేదు. చుట్టూ మన్ను పోతాంది. ఎప్పుడో భూమి లోపల పగుళ్ళు పడితే, వేడినీళ్ళు వాటిల్లోకి వచ్చి, నీళ్ళలో కరిగిన సరుకంతా పేరుకొని ఈ పలుగు అయింది. ఇది గట్టిది. దీనికి అటూ ఇటూ ఉండే పలకరాయి మెత్తంది. అది పొరలు పొరలుగా ఊడి మన్నయితాది. మన్ను వానకు కొట్టుకపోతాది, పలుగు అట్లనే నిలబడతాది."

నాయన శ్రద్ధగా విన్నాడు.

"వేడినీళ్ళు ఎవురు కాంచినారు?" అని అడిగాడు.

"భూమి లోపలే వేడి ఉంటాది."

ఆయన మా అమ్మ వైపు తిరిగాడు. "విన్నావా సుబ్బులూ, గంగమ్మకు వేన్నీళ్ళ స్నానం గూడా ఉందంట."

మా అమ్మ చాటలో ఉలవలు చెరుగుతోంది. "ఆ స్నానమేదో అయినాక ఈ ఉలవల్ని కూడా కాస్త పెరగమని చెప్పు" అంది.

నేను పట్టు వదలలేదు. కొత్తగా బయటపడిన భాగం ఎప్పుడూ అడుగునే కనిపిస్తుంది గదా, పెరిగేదైతే పైన పెరగాలి గదా అన్నాను. "వెంట్రుకలు కుదురు దగ్గర పెరుగుతాయా, కొస దగ్గరా?" అన్నాడు నాయన. డిగ్రీలో నాకు పాఠం చెప్పిన వాళ్ళలో ఒక్కరు కూడా నా నోరు ఇంత తేలిగ్గా మూయించలేదు.

మర్నాడు ఆయన్ని చేనులోని కరెంటు స్తంభం దగ్గరికి తీసుకుపోయాను. స్తంభం పాతినప్పుడు భూమిలో పోసిన సిమెంటు దిమ్మ ఇప్పుడు మోకాలి ఎత్తున బయట ఉంది.

"మరి ఇదీ పెరిగిందా నాయనా?"

ఆయన స్తంభం చుట్టూ తిరిగాడు. దిమ్మను చేత్తో తడిమాడు. ఇంటికి పోయాడు. గెలిచాననుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లారి చూస్తే స్తంభానికి నిండా పసుపు, మూడు కుంకుమ బొట్లు. తల్లి పక్కనున్నందుకు దానికీ మహిమ తగిలిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. లైన్‌మన్ పవన్ వచ్చి తిట్టిపోస్తాడని ఆశపడ్డాను. అతను చెప్పులు విడిచి స్తంభం ఎక్కాడు.

ఇంక నాకు మిగిలింది ప్రకాష్ మామ చేను ఒక్కటే. మామ మా అమ్మ తమ్ముడు. ఆయన చేను మా చేనుకు కిందనే, పల్లంలో ఉంటుంది. మా పలుగురాయి చారే భూమి లోపల సాగి అక్కడ ఇంకోచోట పైకి తేలింది. ఒకప్పుడు అది నడుమెత్తు ఉండేది. ఇప్పుడు దాని మీద కూర్చుని చెప్పులు వేసుకోవచ్చు. తన రాయి పెరుగుతుంటే బావమరిది రాయి కుంగిపోతోందని మా నాయనకు జాలి. మామ కంది మాత్రం ఏపుగా పెరిగేది. రాయి దక్కనివాడికి గంగమ్మ కందులైనా ఇస్తోందని సర్దుకునేవాడు.

ఆదివారం పొద్దున నాయనను బలవంతంగా అక్కడికి తీసుకుపోయాను. మామ గట్టు మీద కూర్చుని చూస్తుంటే ఆ పొట్టిరాయి మొదలు దగ్గర గడపారతో తవ్వాను. పైపొరలో అగరొత్తుల కవర్లు, కర్పూరం ప్యాకెట్లు వచ్చాయి. కిందికి పోయేకొద్దీ పాతకాలపు గాజుల ముక్కలు వచ్చాయి, అన్నీ మా గంగమ్మకు ఇచ్చినవే. మామ చేనులో ఎవరూ ఏనాడూ పూజ చేయలేదు. గుంట గోడకు మా చేను ఎర్రమన్ను పొర మీద పొరగా కనిపిస్తోంది.

"బురద ఇట్లనే పొరలు పొరలుగా పడి, మీది బరువుకు నలిగి నలిగి పలకరాయి అవుతాది నాయనా. ఇట్లనే పోతే ఎన్నో కోట్ల ఏండ్లకు మన చేను కూడా పలకలే."

"అప్పుడది ఎవురి పేరు మీద ఉంటాది?" అన్నాడు నాయన. గొంతులో మునుపటి జోరు లేదు.

మామ గొంతు సవరించుకున్నాడు. "నాకు ఎప్పుడో తెలుసు బావా. ప్రతి వానకూ మీ మన్ను వస్తా ఉండేది. చెప్తే గట్టు ఏస్తావని చెప్పల్యా."

నాయన ఆయన వైపు చూశాడు. "ఏటా పొంగళ్ళ నాడు అందరికంటే పెద్ద టెంకాయ నువ్వే కొడతావు గదరా."

"అమ్మ ఇంకా పెరగాలని మొక్కుకుంటాను బావా. మనస్ఫూర్తిగానే."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నాయన ముఖం చూశాను, నవ్వు ఆగిపోయింది. ఆయన గుంటలోకి దిగి, ఒక గుప్పెడు మన్ను తీసి వాసన చూశాడు. ఆయన నాయన, మా జేజినాయన దున్నిన మన్ను అది. దాన్ని చేత్తో నలుపుతూ, "ఇన్నేండ్లు నేను డప్పులు కొట్టించింది ఇది పోతాండేదానికా" అన్నాడు. మా నాయన కళ్ళలో నీళ్ళు రావడం నేను అంతకుముందు చూడలేదు. వాదం గెలిచినందుకు నాకు సిగ్గేసింది.

ఆయన తలగుడ్డ విప్పి కింద పరిచి, రెండు చేతులతో మన్ను ఎత్తి పోశాడు.

"గుడ్డెడు మట్టితో ఏం చేస్తావు బావా?" అన్నాడు మామ.

"ఏం చేస్తానో నాకూ తెలీదు. ఊరికే పోబుద్ధి కాలా."

మూట భుజాన వేసుకుని ఏటవాలు ఎక్కసాగాడు. కాసేపటికి మామ కూడా తన కందిచేనులోంచి ఒక గంపెడు మన్ను నెత్తికెత్తుకుని ఆయన వెనక నడిచాడు.

సోమవారం వాణి కూలీలతో వచ్చేసరికి నాయన గంగమ్మ రాయి దగ్గర నిలబడి ఉన్నాడు. చూడ్డానికి వచ్చిన జనం చాలామందే ఉన్నారు. గట్టు వేస్తే అమ్మ పెరగదు గదా అని వాళ్ళలో ఒకరు గట్టిగానే అడిగారు.

నాయన వాళ్ళ వైపు చూడలేదు. వాణి వైపు చూసి, "గట్టు ఎత్తుగా ఎయ్యమ్మా" అన్నాడు. "తల్లికి ఈ మన్నే బట్ట. బట్టంతా లాగేసి, పెరిగిందని చూసుకుంటా మురిసినాము. తల్లి కాళ్ళు ఎండకు కాలతాండాయి. కప్పెయ్యండి."