చారల చేపకు మేత

ఆ చేప కడుపునిండా తింటోంది, అయినా చిక్కిపోతోంది. ఈ సంగతేమిటో అంతుపట్టక ఎలిశబెతు తల పట్టుకుంది.

జువ్వలదిన్నె పక్కనే రొయ్యపిల్లల హేచరీలో ఆమెది ప్యాకింగ్ పని. నెల కిందట పడవ గంగులయ్య వలలో ఆ చేప పడింది. ఒళ్లంతా ఎర్ర చారలు, విసనకర్రలా విచ్చుకునే రెక్కలు, వాటిలో విషపు ముళ్లు. పారేయడానికి గంగులయ్యకు మనసొప్పలేదు. ఎలిశబెతు ఇంట్లో ఉప్పునీళ్ల అద్దాల తొట్టి ఉందని తెచ్చిచ్చాడు. అది మొదలు ప్రతి ఆదివారం వచ్చి, అత్తారింట్లో ఉన్న కూతురిని చూసినట్టు చూసి పోతున్నాడు.

చచ్చినవి వేస్తే చేపదొరగారు మూతి తిప్పుకునేవారు. కదిలేదే కావాలి. మంచినీళ్ల చేపపిల్లలు దానికి పడవని చదివి, ఎలిశబెతు ఉప్పుకాలువలో చిన్న రొయ్యలు పట్టి తెచ్చేది. రెండు రోజులు బకెట్లో శుభ్రమైన ఉప్పునీళ్లలో ఉంచి, గాలి గొట్టం పెట్టి, ఆ తర్వాతే వేసేది. తన బకెట్ ఏనాడూ కంపు కొట్టలేదని ఆమెకు కాస్త గర్వం కూడా.

"ఏందమ్మా, పొట్ట వీపుకంటుకుపోయినాది," అన్నాడు గంగులయ్య ఆ ఆదివారం.

"తింటానే ఉండాది మామా. నిన్న ఎనిమిది మింగింది."

"వచ్చే ఆదివారం దాకా చూస్తా. ఇట్నే ఉంటే తీసకపోయి సముద్రంలో వదిలేస్తా. నీ చేతిలో చావడమెందుకు."

ఆ చివరి మాట ఆమెకు చురుక్కుమంది. చేప పోతుందన్న బాధ ఒకటైతే, ఎందుకు చిక్కిందో తెలియకుండానే పోతుందన్నది అంతకన్నా పెద్ద బాధ.

నీళ్లలో ఉప్పు కొలిచింది, సరిగానే ఉంది. వేడి చూసింది, అదీ సరిగానే ఉంది. ఇక మిగిలింది రొయ్య. ఒకదాన్ని గాజుగ్లాసులో వేసి కిటికీ వెలుతురుకు పట్టింది. లోపలంతా కనిపించే ఒళ్లు. వీపు పొడవునా మేతతో నిండి దారంలా కనబడాల్సిన పేగు జాడే లేదు. ఇంకొకటి చూసింది. అదీ అంతే.

హేచరీలో రోజూ రొయ్యపిల్లల పేగులు చూడడమూ ఆమె పనే. సంచుల్లో నీళ్లు చెడకూడదని ప్యాకింగుకు ముందు వాటికి మేత ఆపేదీ ఆమే. చేతికి పట్టిన ఆ అలవాటు ఇంటి బకెట్ దాకా వచ్చేసింది; అందులోని రొయ్యలకూ రెండు రోజులు మేత లేదు. చేపకు ఇన్నాళ్లూ వడ్డించింది ఉత్త డొల్లలు. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

మర్నాటి నుంచి ఆలిచిప్పల మాంసం సన్నగా తరిగి రొయ్యలకు పెట్టింది. పేగులు నిండుగా కనబడ్డాకే వాటిని తొట్టిలో వేసింది. బకెట్ కంపు కొట్టింది. రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చింది.

ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేసరికి గంగులయ్య మూతబకెట్ పట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. లోపలికి వచ్చి తొట్టి ముందు వంగాడు. చేప పొట్ట గుండ్రంగా కనబడింది.

"ఏం పెట్టినావమ్మా దీనికి?"

"దీనికి కొత్తగా ఏం పెట్టలేదు మామా. రొయ్యలకి కూడు పెట్టినా."

చేపను తీసుకుపోవడానికి తెచ్చిన బకెట్‌ను గంగులయ్య ఆమె చేతికిచ్చాడు. "అయితే ఇది వాటికే ఉంచు," అన్నాడు.