ఇంతియాజన్న కంప్యూటర్‌లో తేదీ

నంద్యాలలో నా ల్యాప్‌టాప్ రిపేరుకిచ్చి పదకొండు రోజులైంది. ఎప్పుడు ఫోన్ చేసినా రిపేరాయన "రేపు రామ్మా" అంటాడు. ఆ రేపు ఏ క్యాలెండరులో ఉందో ఆయనకే తెలియాలి. ఈలోగా ఉద్యోగ పరీక్ష వచ్చి నెత్తిన కూర్చుంది. బెంగళూరు కంపెనీ వాళ్లు ఇచ్చింది ఒక్కటే పని: కంటెయినర్లను నడిపే ఒక టూల్ కోడ్ దించుకుని, మనమే బిల్డ్ చేసి, అంటే నడిచే ప్రోగ్రాముగా తయారుచేసి, సాయంత్రం ఐదులోపు నడిపి చూపించాలి. కంటెయినర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సామానుతో సహా ఒక డబ్బాలో సర్దడం, అంతే. ఆ డబ్బాల్ని తెరవడానికీ మూయడానికీ ఈ టూల్. దీనికి బొమ్మలు, బటన్లు ఉండవు, నల్లటి తెర మీద అన్నీ టైపు చేయాల్సిందే.

రెండేళ్లలో నన్ను ఇంతదాకా రానిచ్చిన కంపెనీ ఇదొక్కటే. అందుకే పొద్దున్నే ఆళ్లగడ్డలో ఇంతియాజన్న పెళ్లికార్డుల షాపులో కంప్యూటర్ ముందు వాలిపోయాను.

"సాయంత్రం ఐదుకి శిరివెళ్ల నుంచి బుడేన్ భాయ్ వస్తాడు, కార్డు దిద్దాల. అంతవరకూ చేసుకో జెస్సీ. కార్డులు కొట్టే మా తెలుగు సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోవద్దు," అన్నాడు.

పోలేదు. పోవడానికి తీరికేది? ఏ ఆదేశం ఇచ్చినా ఒకటే పాట: కోడ్ ఉన్న సైటు సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదట. నెట్ బాగాలేదేమోనని సిమ్ మార్చాను. పక్క మందుల షాపు వాళ్ల ఫోన్ అడుక్కున్నాను. ఇదే పరీక్ష రాసిన నంద్యాల స్నేహితురాలు సాయి ప్రియకు ఫోన్ చేస్తే "నాకు పది నిమిషాల్లో అయిపోయిందే" అంది. ఆ మాట ఎవడికి కావాలి? మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కోడ్‌ను నా ఫోన్‌లో దించి, కేబుల్‌తో కంప్యూటర్లోకి ఎక్కించాను. ఈసారి ఇంకో హెచ్చరిక: ఈ ఫైలు భవిష్యత్తులో తయారైంది.

భవిష్యత్తులోనట! ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే తెర మూలకు చూశాను. తేదీ సరిగ్గానే ఉంది, నెల సరిగ్గానే ఉంది. ఏడాది మాత్రం 2016.

"అన్నా, ఏందిది?"

"అదా? ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఆ ఏడాదితోనే అయిపోయింది పాపా. కంపెనీ మూసేసినారు. అందుకే ప్రతి డిసెంబరు ఆఖర్న ఒక ఏడాది ఎనక్కి తిప్పుతా. ఒక్కసారి ముందుకి పోతే తాళం పడిపోతాది, మళ్లా తెరుచుకోదు."

తొమ్మిదేళ్లుగా ఈ మనిషి 2016లోనే కార్డులు అచ్చేస్తున్నాడు. నేనేమో పొద్దుట్నుంచి ఊళ్లో సిమ్ములన్నింటినీ తిడుతున్నాను. అప్పటికి మూడున్నర దాటింది.

"ఆ సాఫ్ట్‌వేర్ సీడీ ఉందా అన్నా?"

"ఉంది. ఎందుకు?"

"ఈ టూల్ ఉండేదే దానికి. నీ సాఫ్ట్‌వేర్‌ను ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బా వరకూ పాత తేదీ పెడతా. బయట ఏ తేదీ ఉంటే నీకేం?"

"ఖాయమేనా?"

"ఖాయం. నేను చదివిందే ఇది."

ఆయన సీడీ వెతికి నా చేతికిచ్చాడు. తర్వాత తానే మౌస్ పట్టుకుని ఏడాది మార్చాడు. తెలుగు సాఫ్ట్‌వేర్ వెంటనే ఎర్రగా మెరిసి మూసుకుపోయింది. నేను పట్టించుకోలేదు. కోడ్ గలగలా దిగింది, బిల్డ్ అయింది, టూల్ నడిచింది. నాలుగూ నలభై ఎనిమిదికి పంపేశాను. దిద్దేది యంత్రమే కాబట్టి వెంటనే జవాబు వచ్చింది: పాస్, సోమవారం ఇంటర్వ్యూ. సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది.

అన్నకిచ్చిన మాట నిలబెట్టుకుందామని డబ్బా తయారుచేసి, సీడీ ఎక్కించి, లోపల తేదీ మార్చబోయాను. కుదరదంది. సాఫ్ట్‌వేర్ తెరిస్తే గడువు ముగిసిందంది. అప్పుడు తెరిచాను, పొద్దున్నే చదవాల్సిన ఆ టూల్ వివరాల పుస్తకం. డబ్బాకు ఫైళ్లు వేరు, పేరు వేరు, నెట్‌వర్క్ వేరు. గడియారం మాత్రం కంప్యూటర్‌దే. కంప్యూటర్ తేదీనే మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. పడిన తాళం పడినట్టే ఉంది. పొద్దుట్నుంచి రిపేరువాణ్ణి తిట్టాను, నెట్‌ను తిట్టాను, సాయి ప్రియను తిట్టాను. ఇక తిట్టడానికి నేనే మిగిలాను.

బుడేన్ భాయ్ కాగితం పట్టుకుని లోపలికి వచ్చాడు.

"రెండు నిమిషాలు కూర్చో భాయ్," అన్నాడు ఇంతియాజన్న. "మా పాప పెద్ద కంపెనీకి పోతాండాది. మన సాఫ్ట్‌వేర్‌ని డబ్బాలో పెట్టిస్తాండాది."

"అన్నా," అన్నాను. "అది అయ్యేది కాదన్నా. డబ్బాకు వేరే తేదీ ఉండదంట. నాకు సరిగ్గా తెలీకుండానే ఖాయమని చెప్పినా."

ఆయన తెర వైపు చూశాడు. మౌస్‌ను ఒకటి రెండుసార్లు నొక్కాడు. అవే ఎర్ర అక్షరాలు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడినా బాగుండేది.

"పరీక్ష పోయిందా?" అన్నాడు మెల్లగా.

"లేదన్నా. పాసైనా."

"దేంట్లో?"

"ఈ డబ్బాల్లోనే అన్నా," అన్నాను.